పక్కింటావిడ చిమ్మటలు

వంటింటి బల్ల దగ్గర నుంచి,
వానలు వెనకబట్టిన వారం

మరదలు పిల్లకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడితే సగం అబద్ధమవుతుంది. మనుషులం మాత్రం క్షేమం అని రాస్తున్నాను. అవసరం పడితే తప్ప మీ వదినకి కలం దొరకదని నువ్వు అంటూ ఉంటావు. నిజమే, అవసరం పడింది. అయితే అవసరం నాది కాదు, పక్కింటావిడది.

ఆవిడ ఇంట్లో చిన్న చిన్న రెక్కల పురుగులు చేరాయి. దుమ్మురంగువి, బియ్యపుగింజంతవి. పిండిపురుగులనుకుంది. అనుకుని ఊరుకుందా? వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించి పిండి, పప్పు, బియ్యం అంతా చెత్తబుట్ట పాలు చేసింది. మీ అన్నయ్య పని నుంచి వచ్చి "ఈ పూట ఏం తినాలి?" అంటే "గాలి" అన్నాను. అంటే, ఆవిడకి సాయం చేస్తూ చేస్తూ మన డబ్బాలు కూడా బోర్లించేశాను. అంటువ్యాధేమోనని.

అంతా అయ్యాక పురుగు పడగ్గదిలో బీరువా మీద కనబడింది. వంటింట్లో ఒక్కటీ లేదట! రెండు చేతులతో చప్పట్లు కొట్టి చంపుదామంటే దొరకదు. ఆవిడ గదిగదికీ చప్పట్లు కొట్టుకుంటూ తిరుగుతుంటే, కిందింటాయన వచ్చి పుట్టినరోజెవరిదని అడిగాడు. పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు పిలిచే ఉద్యోగం నాది. పొద్దంతా పుచ్చుపళ్ళు చూసి ఇంటికొస్తే, ఇక్కడ స్వెట్టర్లు పుచ్చిపోతున్నాయి. ఇంటికంటే పక్కింటికి.

నాటకశాలలో బట్టలన్నీ నీ చేతి మీదుగానే పోతాయి కదా, నీకు తెలియని పురుగుండదు. ఇవేమిటో, ఎలా పోతాయో రాయి.

నీ కోటు గురించి దిగులుపడకు. భద్రంగా ఉంది. చాలా భద్రంగా ఉంది. చలికాలం మొదట్లో పంపుతానన్నాను, పంపుతాను. పదేపదే ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు పదేపదే అడగకుండా ఉంటావని.

నీ వదిన


నాటకశాల వెనక, వేషాల గది,
చలిగాలి మొదలైంది

వదినా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. నవ్వడానికి నాకేం అర్హత ఉందని అడగకు. ఇక్కడ రాజుల అంగీలు, జడ్జీల గౌన్లు, ముసలి పాత్రల గడ్డాలు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. వాటన్నిటినీ కంటికి రెప్పలా కాచేది నేనే. నా ఒంటి మీది స్వెట్టరుకి మాత్రం మోచేతి దగ్గర చిల్లు. ఊళ్ళో ఎవరి ఉన్ని బట్టకి కన్నం పడినా నాకే కబురొస్తుంది. డాక్టరుకున్నంత గర్వం, కాంపౌండరుకున్నంత జీతం.

ఆ పక్కింటావిడకి చెప్పు. దీపం దగ్గరికి ఎగిరొచ్చేది పిండిపురుగు. దీపం వెయ్యగానే మూలకి పరిగెత్తేది బట్టల చిమ్మట. చప్పట్లకి చచ్చేవి చాలామటుకు మగవే. ఊరికే తిరిగేవి అవే. ఆడది గుడ్లు పెట్టే పనిలో ఉంటుంది, తిరగడానికి తీరికుండదు. ఈ సంగతి మన ఇళ్ళల్లో ఎవరికీ కొత్త కాదు.

అసలు రెక్కలొచ్చిన చిమ్మట ఏమీ తినదు. తినేది దాని పిల్ల, తెల్లటి చిన్న పురుగు. ఉన్ని, వెంట్రుకలు, ఈకలు దానికి అన్నం. నూలు జోలికి రాదు, చెమటో కూర మరకో అంటితే తప్ప. అన్నిటికన్నా దానికి ఇష్టమైనదేమిటో తెలుసా? మనిషి ముట్టుకోని బట్ట. చీకటి ఉండాలి, కదలిక ఉండకూడదు, కాస్త పాత చెమట ఉండాలి. వదినా, తొడుక్కునే బట్టని అది తినదు. పూజించే బట్టని తింటుంది.

ఏం చెయ్యాలంటే, బీరువా అంతా ఖాళీ చెయ్యాలి. బట్టలు ఎండలోకి తెచ్చి దులిపి, కుట్ల మడతల్లో, కాలర్ల కింద, జేబుల్లో బ్రష్షు పెట్టి గీకాలి. బీరువా పగుళ్ళలో వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగి, ఆ చెత్త సంచి ఇంట్లో ఉంచకుండా బయట పారెయ్యాలి. ఉతికే బట్ట ఉతకాలి. ఉతకలేనిది ప్లాస్టిక్ సంచిలో గాలి దూరకుండా కట్టి రెండు వారాలు ఫ్రీజర్లో పెట్టాలి. ఒక పురుగుని పట్టి టేపుకి అంటించి నాకు పంపమను. ఏ రకమో చెబుతాను.

ఇక కోటు. అమ్మ పోయినప్పుడు నేను అడిగింది అదొక్కటే. కండక్టరుగా అన్నేళ్ళు బస్సులో తొడిగిన కోటు, ఈ ఊరి చలికి నేను తొడుక్కుంటానన్నాను. "అమ్మని తీసుకెళ్ళి నీ వేషాల పక్కన వేలాడదీస్తావా?" అన్నాడు అన్నయ్య. నేనూ ఊరుకోలేదు. నువ్వు మధ్యలో పడి, మూడు చలికాలాలు అన్నయ్య దగ్గర, తర్వాత నా దగ్గర అని తీర్పు చెప్పావు. మూడూ అయిపోయాయి. అప్పటి నుంచి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. కోటు చేతికందిన రోజు నేనే ముందు మాట్లాడాలని అనుకున్నాను. అందకపోతే మాత్రం ఈ జన్మకి ఇంతే. ఈ మాట వాడికి చెప్పకు, నువ్వు గుర్తుపెట్టుకో.

హాంగరు కూడా కొనేశాను. చెక్కది, భుజాలు వెడల్పుగా ఉన్నది.

నీ మరదలు


వంటింటి బల్ల దగ్గర నుంచి,
స్వెట్టర్లు బయటికి తీసే రోజులు (ఎవరికి మిగిలితే వాళ్ళు)

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం పక్కింటావిడకి చదివి వినిపించాను. వింటూ వింటూ చాలాసార్లు మంచినీళ్ళు తాగింది. పూజించే బట్ట అన్న చోట మరీను.

అయితే అది అందేలోపే ఆవిడ ఒక ఘనకార్యం చేసింది. ఉన్నివన్నీ ట్రంకుపెట్టెలో కుక్కి, దోసిళ్ళ కొద్దీ కలరా ఉండలు పోసి, మూత పడకపోతే తనే ఎక్కి కూర్చుంది. దులపలేదు, ఉతకలేదు. దొంగనీ అన్నం గిన్ననీ ఒకే గదిలో పెట్టి తాళం వేసినట్టయింది. నాలుగు రోజుల తర్వాత మూత తీస్తే పురుగులకి ఏమీ కాలేదు, ఆవిడకే తలనొప్పి. మీ అన్నయ్య ఆ వాసన నా జడలోంచి వస్తోందన్నారు. ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెప్పాను కదా, అంటుకుని ఉంటుంది.

తర్వాత నువ్వు చెప్పినట్టే చేసింది. బ్రష్షు పెట్టింది, పగుళ్ళు లాగింది. ఆవిడ ఫ్రీజర్లో చోటు చాలక మన ఫ్రీజర్ అడిగింది. మీ అన్నయ్య ఐసుగడ్డ కోసం చెయ్యి పెడితే మేజోడు వచ్చింది. రెండోది బఠాణీల కింద దొరికింది. పక్కింటావిడ మేజోళ్ళు మీ అన్నయ్య కాళ్ళకి అతికినట్టు సరిపోవడం విచిత్రమే, నేనూ ఒప్పుకుంటాను.

మొన్న గోడ మీద చిన్న గొట్టంలాంటిది నడుస్తూ కనబడింది. ఒకసారి ఈ చివర నుంచి తల పెడుతుంది, ఒకసారి ఆ చివర నుంచి. దాన్నే టేపుకి అంటించి ఈ కాగితం అడుగున పెట్టాను. చూసి చెప్పు.

అన్నట్టు, ఈ ఏడు చలి ఆలస్యంగా వస్తుందట. పార్సిళ్ళు కూడా మెల్లగా పోతున్నాయట. ఇక్కడ దుకాణంలో కొత్త కోట్లు దిగాయి, లోపల మెత్తటి గుడ్డ, చేతులకి మంచి గుండీలు. నీకొకటి కొననా? పాతది ఎప్పుడైనా పంపవచ్చు. ఊరికే అడుగుతున్నాను.

నీ వదిన


వేషాల గది

వదినా,

పురుగు అందింది.

ఇది ఇల్లు ఒంటి మీద మోసుకు తిరిగే రకం. తను తినే గుడ్డ పోగులతోనే ఆ గొట్టం అల్లుకుంటుంది. ఎర్ర శాలువా తిన్నదానికి ఎర్ర గొట్టం, నల్ల గౌను తిన్నదానికి నల్ల గొట్టం. నువ్వు పంపినదాన్ని భూతద్దం కింద పెట్టాను. వంకాయరంగు.

చూసినవాళ్ళంతా నవ్వే ఆ రంగు మా అమ్మ పనిచేసిన బస్సు కంపెనీ తప్ప ఎవరూ వెయ్యలేదు. ఆ కంపెనీ మూతపడి ఎన్నేళ్ళయిందో. పక్కింటావిడకి ఆ కోటు ఎక్కడిది? అసలు పక్కిల్లు ఖాళీగా ఉంది, మెట్లు తుడిచేవాళ్ళు లేరని పోయిన ఏడు నువ్వే రాశావు కదా?

నా చేతికిస్తే వేషాల పక్కన వేలాడదీస్తానని ఇవ్వలేదు. పురుగులకి వడ్డించడానికి మాత్రం మనసొప్పింది. ఇక నాకు రాయకు. కోటు వద్దు. నాకు అన్నయ్య కూడా లేడనుకుంటాను.

మరదలు


వంటింటి బల్ల దగ్గర నుంచి,
చలి వేళకే వచ్చింది

అమ్మాయీ,

రాయకు అన్నావు. నువ్వు చెప్పిన మాట నేను విన్నదెప్పుడు?

పక్కింటావిడ లేదు. గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నదాన్ని నేను. అంత చదివినదానివి మొదటి ఉత్తరంలోనే పట్టుకోలేదేమా అని నాలో నేనే నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

కోటు ఉన్న అర తాళంచెవి మీ అన్నయ్య దగ్గరే ఉంటుంది. బీరువా తుడుస్తానంటే "ఆ అర వదిలెయ్యి" అంటారు. ఎండలో పెడదామంటే వద్దు, బ్రష్షు వద్దు, ముట్టుకోవద్దు. అమ్మ వాసన పోతుందని. నేనూ సరేనన్నాను. ఒక అర తుడిచే పని తప్పిందని లోపల కాస్త సంతోషించాను కూడా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ దొంగకి గదిచ్చి కాపలా కూడా కాస్తే పాపం ఈశ్వరుడేం చేస్తాడు? పురుగులు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలక, చివరికి ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తాళం తీశాను. కాలర్ సగం లేదు. చంకల దగ్గర జల్లెడ. టిక్కెట్ల సంచి పట్టీ రాసుకుని నునుపు తేలిన భుజం ఉంది చూడు, అక్కడ వేలు పెడితే అవతలికి వచ్చింది. మళ్ళీ తాళం వేసి నీకు ఉత్తరం రాశాను. నువ్వు చెప్పే మందుతో ఎలాగో బాగుచేసి పంపేద్దామనుకున్నాను. కన్నానికి మందేమిటని ఆలోచించేంత తెలివి ఆ పూట లేదు.

నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. చదివారు. లేచి వెళ్ళి అర తెరిచారు. అరుస్తారేమోనని నేను కిటికీలు మూసుకుంటూ వచ్చాను. అరవలేదు. కోటు తీసి మొహం దాచుకున్నారు. చాలాసేపటికి తల ఎత్తి "కలరా ఉండల వాసన" అన్నారు. ట్రంకులో పొయ్యగా మిగిలినవి ఇంకో స్నానం వేళ ఆ అరలో చల్లింది నేనేనని ఒప్పుకున్నాను.

"మొదటి చలికాలం ఒకసారి తెరిచి చూశాను. అప్పటికే సగం పోయింది. మళ్ళీ తెరిస్తే ఆ సగం కూడా లేదని తెలిసిపోతుంది. తెరవకపోతే ఉన్నట్టే కదా అనుకున్నాను" అన్నారు. తర్వాత "దానికి నేనేం చెప్పను?" అన్నారు. దానికి అంటే నీకు. మూడేళ్ళలో నీ ఊసు ఆయన నోట రావడం అదే మొదలు.

కోపం నా మీద పెట్టుకో, నాకు అలవాటే. మీ అన్నాచెల్లెళ్ళ తగవు మధ్య కందకు లేని దురద కత్తిపీటకెందుకని నీకు అనిపించవచ్చు. నాకు భయంగా ఉంది, అందుకు. మీ అమ్మ ఉన్నంతకాలం మీరిద్దరూ ఒకే కంచంలో కొట్టుకుంటూ తిన్నవాళ్ళు. ఒక కోటు పోయిందని ఇద్దరూ ఒకరికొకరు పోతే నేను చూడలేను. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టకు.

వదిన


వేషాల గది నుంచే,
కిటికీ అద్దాల మీద మంచు

వదినా,

ఆలస్యంగా జవాబు రాస్తున్నాను. తిట్లతో రెండు ఉత్తరాలు రాసి చింపాను. రెండోది చాలా బాగా కుదిరింది, చింపాలంటే మనసు రాలేదు. మూడోది మొదలుపెట్టినప్పుడు "తెరవకపోతే ఉన్నట్టే" అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నేను ఈ ఊరొచ్చేటప్పుడు నువ్వు నా చేతిలో అమ్మ చేతితొడుగులు పెట్టావు, గుర్తుందా? టిక్కెట్లు చింపడానికి వీలుగా వేళ్ళ కొసలు కత్తిరించుకున్నవి. వాటిని బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఈ గదిలోని నా బల్ల అడుగు సొరుగులో దాచాను. ఆ డబ్బా మూత అప్పటి నుంచి తియ్యలేదు. ఎందుకు తియ్యలేదని అడిగితే చెప్పేదాన్ని కాదు. మొన్న తీశాను.

ఒకటి పూర్తిగా లేదు. రెండోదానికి బొటనవేలు, మణికట్టు పట్టీ మిగిలాయి. చుట్టూ ఇసుకలాంటి రెట్ట.

వదినా, ఆ బల్ల మీదే మోచేతులు ఆనించి నీకు పూజించే బట్ట గురించి ఉపన్యాసం రాశాను! నా కాళ్ళకి జానెడు దూరంలో అవి విందు చేసుకుంటుంటే నేను అన్నయ్యని దుమ్మెత్తిపోశాను. దీపం కింద చీకటి అంటే ఏమిటో పెద్దవాళ్ళు చెబితే అర్థం కాలేదు, ఇప్పుడు వాసనతో సహా అర్థమైంది. డైరెక్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రాజుల అంగీలు, జడ్జీల గౌన్లు, గడ్డాలు అన్నీ మేడ మీదికి మోయించి, నా చేతే ఒక్కొక్కటీ దులిపించారు. గాలికి గడ్డం ఒకటి ఎగిరి వీధిలో పడింది. దాన్ని తెచ్చి ఇచ్చిన పోస్టుమాన్ నన్ను ఇప్పటికీ అనుమానంగా చూస్తున్నాడు.

ఆ డబ్బా ముందు కూర్చుని ఏడ్చాను. తొడుగుల కోసం కొంత. నేను చేసిన పనే చేసినందుకు అన్నయ్యని వదులుకోబోయాను కదా, అందుకు ఎక్కువ.

కోటు పార్సిలు చెయ్యకు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి అన్నయ్యనే తెమ్మను. మిగిలింది ఎంతైనా సరే. దానికి చెయ్యాల్సినది ఇద్దరం కలిసే చెయ్యాలి. తిట్టనని మాత్రం మాట ఇవ్వను.

నీ మరదలు


వంటింటి బల్ల దగ్గర నుంచి

మరదలు పిల్లకి,

ఈ ఉత్తరం తెచ్చినవాడే కోటు తెచ్చినవాడు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచి మనిషి కుదురుగా లేరు. "గట్టిగా తిడుతుందా?" అని అన్నం ముందు అడుగుతారు, "ఏమంటుందంటావు?" అని అన్నం తర్వాత అడుగుతారు. తిట్లు తినడానికి ఇంత ముస్తాబై వెళ్ళే మనిషిని నేను చూడలేదు. కొత్త చొక్కా వేసుకున్నారు. నూలుదే, భయపడకు.

ఇరుక్కుపోయిన లిఫ్టుల్లోంచి జనాన్ని బయటికి లాగే మనిషే కానీ, నీ గుమ్మం దాకా వచ్చి గంట కొట్టకుండా తిరిగొచ్చేస్తారేమోనని నా అనుమానం. ఇది నీ చేతిలో పడిందంటే ఎలాగో లోపలికి వచ్చినట్టే.

వదిన


నా ఇంట్లో, వంటింటి గట్టు మీద పెట్టి రాస్తున్నాను

వదినా,

నీ అనుమానం నిజమే. చెత్త పారబొయ్యడానికి తలుపు తీస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, సంచి ఒళ్ళో పెట్టుకుని. ఏమిటిక్కడ కూర్చున్నావంటే "ఈ లిఫ్టు చప్పుడు బాగాలేదు, వింటున్నాను" అన్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట. నేను తయారుచేసి పెట్టుకున్న తిట్లు రేపటికి వాయిదా వేశాను. లోపలికి రమ్మన్నాను.

బాల్కనీలో బల్ల వేసి కోటు పరిచాం. నేను బ్రష్షు పట్టాను, అన్నయ్య టార్చిలైటు పట్టాడు. "ఇక్కడ", "ఇంకొంచెం", "అయ్యో" అన్న మూడు మాటలే ఇద్దరి మధ్యా నడిచాయి. కాలర్ మడత విప్పినప్పుడు మాత్రం ఆ అయ్యో ఇద్దరం ఒకేసారి అన్నాం. గొట్టాలు ఏరాను, గుడ్లు గీకాను. అంతా అయ్యాక ఉతకాలన్నాను. వాడి మొహం పాలిపోయింది. "ఇంకేం మిగిలిందని, పోవడానికి?" అన్నాను, కొంచెం గట్టిగానే. తలూపి తనే తొట్టి తెచ్చాడు.

గోరువెచ్చని నీళ్ళలో ఇద్దరం చెరో వైపు పట్టుకుని ముంచాం. కలరా ఉండల ఘాటు మొదట వచ్చి పోయింది. రెండోసారి నీళ్ళు మార్చాం. అప్పుడు ఆవిరితో పాటు వాసన లేచింది వదినా. తడిసిన ఉన్ని వాసన. వానాకాలం డ్యూటీ దిగి వచ్చి అమ్మ ఆ కోటు తలుపు వెనక తగిలిస్తే, నీళ్ళు కారుతూ ఇల్లంతా నిండిపోయేది చూడు, అదే. నీకు తెలియదులే, నువ్వు అప్పటికి మా ఇంటికి రాలేదు. ఇన్నాళ్ళూ ఎండిన కోటులో వెతుక్కున్నాం. తడిపితే పోతుందని భయపడ్డాం.

ఇద్దరం తొట్టికి అటూ ఇటూ మోకాళ్ళ మీద ఉండిపోయాం. అన్నయ్య బాహాటంగానే ఏడ్చాడు. నేను సబ్బు కంట్లో పడిందన్నాను. సబ్బు కాగితం ఇంకా విప్పనే లేదని వాడు చూస్తూనే ఉన్నాడు.

కోటు ఇప్పుడు తువ్వాలు మీద ఆరుతోంది. ఆరాక రెండు వారాలు ఫ్రీజర్లో ఉంటుంది. కన్నాలకి అతుకులు ఎవరు వెయ్యాలి, ఎవరు ఎప్పుడు తొడుక్కోవాలి అన్నదాని మీద ఇంకా పోట్లాడుకోలేదు, రేపు తీరిగ్గా పోట్లాడుకుంటాం. నీ మనిషిని వారం దాకా పంపను.

అసలు సంగతి చెప్పలేదు కదూ. చిన్నప్పుడు అమ్మ వచ్చేదాకా మాకు అన్నం లేదు. ఆ వాసన గుమ్మంలో తగిలితేనే పొయ్యి వెలిగేది. తొట్టి దగ్గర అలా కూర్చుని ఉండగా ఇద్దరి కడుపుల్లోనూ ఒక్కసారే చప్పుడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఆకలేస్తోందే" అన్నాడు అన్నయ్య.

లేచి చేతులు తుడుచుకుని అన్నం వండాను.

నీ మరదలు